ఫార్మాట్ ముందు పెట్టండి, నంబర్లు తర్వాత కొట్టించండి

మా ఊరి హైస్కూల్లో చదువుకున్నవాళ్లం కొంతమందిమి కలిసి ఏటా కొందరు పిల్లలకు కాలేజీ ఫీజు సాయం చేస్తుంటాం. డబ్బు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలకే పంపిస్తాం. ఈసారి పంపినవాటిలో కొన్ని వెనక్కి వచ్చేశాయి. బ్యాంకువాళ్లు చెప్పిన కారణం, ఆ నంబరుతో ఖాతా లేదని. జాబితా తెరిచి చూస్తే వెనక్కి వచ్చినవన్నీ పదహారు అంకెల ఖాతాలు, అన్నిటి చివరా సున్నా. పాసుపుస్తకాల జిరాక్సులు పక్కన పెట్టుకుని చూశాం. మొదటి పదిహేను అంకెలూ అక్షరాలా సరిపోయాయి. తేడా అంతా పదహారో అంకెలోనే.

ఆ రాత్రి గ్రూప్ కాల్‌లో మా సీనియర్ ఒకాయన వెంటనే తేల్చేశారు: "కాలేజీ ఆఫీసులో టైప్ చేసిన అమ్మాయి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయలేదు." మిగతావాళ్లు అవునన్నారు. నేను కాదన్నాను, ఇప్పటికీ కాదనే అంటున్నాను. ఆ అమ్మాయి పదహారు అంకెలూ సరిగ్గానే కొట్టింది. ఆమె ఎంటర్ నొక్కాక చివరి అంకెను మార్చింది ఎక్సెల్. మార్చడానికి వీలు కల్పించింది ఆ ఖాళీ షీటు తయారుచేసి ఆమె చేతిలో పెట్టినవాళ్లు. ఏ కాలమ్‌కి ఏ ఫార్మాట్ ఉండాలో నిర్ణయించే బాధ్యత షీటు ఇచ్చేవాళ్లది, కొట్టేవాళ్లది కాదు. ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలనే ఈ పోస్టు.

పదహారో అంకె ఎందుకు పోయింది

ఎక్సెల్‌లో కొట్టే ప్రతి సంఖ్యా, కంప్యూటర్లు సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే ఐఈఈఈ 754 అనే ప్రమాణం ప్రకారం 8 బైట్లలో నిల్వ అవుతుంది. అందులో ఎక్సెల్ నిలబెట్టేది 15 అంకెలు. పదహారో అంకె కొడితే దాని స్థానంలో సున్నా పెడుతుంది. హెచ్చరిక రాదు, ప్రశ్న రాదు. అసలు అంకె ఆ క్షణానే పోతుంది కాబట్టి తర్వాత ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు. అదే కాలమ్‌ని కొట్టకముందే టెక్స్ట్‌గా పెట్టి ఉంటే పదహారే కాదు, పద్దెనిమిది అంకెలున్నా చెక్కుచెదరవు.

రూపాయల లెక్కకి 15 అంకెలు చాలా ఎక్కువ. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైచిలుకు. దాన్ని పైసలు వదిలేసి రూపాయల్లో పూర్తిగా రాసినా 14 అంకెలే వస్తాయి. కాబట్టి ఈ పరిమితిని నేను తప్పుపట్టను. తప్పంతా ఖాతా నంబరుని డబ్బు మొత్తంలా చూడటంలో ఉంది. ఖాతా నంబర్లను ఎవరూ కూడరు, సగటు కట్టరు. ఆధార్, హాల్ టికెట్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు, అన్నీ అంతే. అవి అంకెలతో రాసిన పేర్లు. ఎన్‌ఈఎఫ్‌టీలో డబ్బు జమయ్యేది ఖాతా నంబరుని బట్టే కాబట్టి, మారిన ఆ అంకెతో నిజంగానే ఇంకొకరి ఖాతా ఉండి ఉంటే మా డబ్బు అటు వెళ్లిపోయేది. వెనక్కి రావడం మా అదృష్టం.

ఆధార్‌ది ఇంకో రకం చిక్కు. అది 12 అంకెలే, కాబట్టి 15 లోపే. కానీ మనం ఏదీ ఎంచుకోకపోతే ఉండే జనరల్ ఫార్మాట్‌లో ఎక్సెల్ 11 అంకెల వరకే మామూలుగా చూపిస్తుంది. పన్నెండు అంకెలు 123456789012 అని కొడితే, 1.23457 పక్కన ఇ, ప్లస్ గుర్తు, 11 అని కనిపిస్తుంది, అంటే 1.23457ని పదకొండుసార్లు పదితో గుణించమని. చూసినవాళ్లు కంగారుపడతారు గానీ నంబరు లోపల భద్రంగానే ఉంటుంది. సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో చూస్తే పన్నెండు అంకెలూ కనిపిస్తాయి. ఫార్మాట్‌ని నంబర్‌కి మార్చి దశాంశాలు తీసేస్తే సెల్‌లోనూ కనిపిస్తాయి. అంటే ఇక్కడ మారింది చూపు మాత్రమే.

ఇంతవరకు నయమే. ఆ ఫైలుని ఏదో పోర్టల్‌లో అప్‌లోడ్ చేయడానికి సీఎస్‌వీగా, అంటే కామాలతో వేరుచేసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, సేవ్ చేశారనుకోండి. సీఎస్‌వీలోకి వెళ్లేది లోపల ఉన్న విలువ కాదు, తెర మీద కనిపిస్తున్నది. ఆ ఇ గుర్తు ఉన్న రూపమే ఫైలులో పడుతుంది. దాన్ని మళ్లీ తెరిస్తే 123457000000 అవుతుంది. ఇప్పటిదాకా చూపు మాత్రమే అనుకున్నది ఇప్పుడు విలువైపోయింది. రెండు దశాంశాలే కనిపించేలా పెట్టుకున్న లెక్కలకీ ఇదే గతి. మూడో దశాంశం నుంచి అన్నీ సీఎస్‌వీ దగ్గరే రాలిపోతాయి. "ఫార్మాట్ మారిస్తే విలువ మారదు, కంగారుపడకండి" అని పాఠాల్లో చెప్తారు. ఆ ఫైలు ఎప్పటికీ ఎక్సెల్ ఫైలుగానే ఉంటేనే ఆ మాట నిజం.

ఒకే జాబితాలో రెండు పనులు

నాకు ఎక్కువ అభ్యంతరం ఉన్నది ఇక్కడే. హోమ్ ట్యాబ్‌లో ఫార్మాట్ జాబితా తెరిస్తే జనరల్, నంబర్, కరెన్సీ, డేట్, పర్సెంటేజ్, టెక్స్ట్ అన్నీ వరుసగా ఉంటాయి. చూడటానికి అన్నీ ఒక జాతివే. కానీ కరెన్సీ ఎంచుకుంటే మారేది చూపు: రూపాయి గుర్తు వస్తుంది, కామాలు పడతాయి, విలువ అలాగే ఉంటుంది. టెక్స్ట్‌ని ముందే ఎంచుకుంటే మారేది నిల్వ: ఆ తర్వాత కొట్టినదాన్ని ఎక్సెల్ ముట్టుకోదు. ఒకటి పూర్తయిన లెక్క మీద వేసే రంగు, ఇంకొకటి లెక్క మొదలవకముందే తీసుకోవాల్సిన నిర్ణయం. రెంటినీ ఒకే పేరుతో ఒకే చోట పెట్టారు.

మన దగ్గర కంప్యూటర్ కోర్సుల్లోనూ ఫార్మాటింగ్ అంటే బోల్డ్, బోర్డర్, రంగులు, మెర్జ్ అండ్ సెంటర్ అనే నేర్పుతారు. నంబర్ ఫార్మాట్‌ని ఆ పాఠం చివర, మిగిలిన పది నిమిషాల్లో చూపిస్తారు. నా దృష్టిలో అది మొదటి రోజు, మొదటి సెల్‌లో ఒక్క అంకె కూడా కొట్టకముందు చెప్పాల్సిన విషయం.

టెక్స్ట్ ఫార్మాట్‌ని తర్వాత పెట్టడం ఎందుకు పనికిరాదో చెప్పడానికి మన డోర్ నంబర్లకి మించిన ఉదాహరణ లేదు. 3-6-12 అని కొట్టండి. భారతదేశం సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో అది 2012 జూన్ 3 అవుతుంది. అయ్యో అనుకుని ఆ సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే 41063 అని వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కపెట్టడం ఎక్సెల్ పద్ధతి, ఆ వరుసలో ఆ తేదీ సంఖ్య అది. అదే డోర్ నంబరుని అమెరికా సెట్టింగ్‌లో ఉన్న కంప్యూటర్‌లో కొడితే 2012 మార్చి 6 అవుతుంది, టెక్స్ట్‌గా మారిస్తే 40974. ఒక ఇంటికి రెండు కంప్యూటర్లలో రెండు నంబర్లు వచ్చాయి, రెండూ తప్పే. పక్కవీధిలో 3-6-145 ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది, 145 అనే సంవత్సరం ఎక్సెల్‌కి లేదు కాబట్టి. దాంతో ఒకే కాలమ్‌లో సగం డోర్ నంబర్లు, సగం తేదీలు.

పొలాల సర్వే నంబర్లదీ అదే కథ. 12/3 తేదీ అవుతుంది, 156/2 అవదు, 2/45 కొడితే ఏదో సంవత్సరపు ఫిబ్రవరి అవుతుంది. ఎడమవైపు అతుక్కుని ఉంటే టెక్స్ట్, కుడివైపు జరిగితే సంఖ్యో తేదీనో అని గుర్తుపట్టవచ్చు. కానీ చాలామంది షీటు అందంగా ఉండాలని అన్నిటినీ సెంటర్ చేస్తారు. ఆ ఒక్క ఆనవాలూ అలా పోతుంది.

జీన్లకే పేర్లు మార్చారు

"చదువురానివాళ్లు చేసే తప్పులు ఇవి" అనేవాళ్లకి ఒక విషయం గుర్తుచేయాలి. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్2 అనే పొట్టి పేర్లున్నవి ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 2 తేదీలుగా మార్చేసేది. 2004లోనే శాస్త్రవేత్తలు దీని గురించి హెచ్చరించారు. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్సెల్‌లో జీన్ల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఈ తప్పులున్నాయి. ఆ పత్రాలు రాసింది పీహెచ్‌డీలు చేసినవాళ్లు, సరిచూసింది ఇంకా పెద్దవాళ్లు. చివరికి 2020లో జీన్లకు పేర్లు ఖరారుచేసే అంతర్జాతీయ కమిటీ తన కొత్త మార్గదర్శకాల్లో ఈ మార్పు ప్రకటించింది: మార్చ్1 ఇకమీదట మార్చ్‌ఎఫ్1, సెప్ట్2 ఇకమీదట సెప్టిన్2.

ఆ నిర్ణయాన్ని కొందరు మెచ్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగితే ఇంకెన్ని పత్రాలు పాడయ్యేవో అన్నది వాళ్ల వాదన, అందులో నిజముంది. అయినా నాకు అది మింగుడుపడదు. జీన్ పేరు మార్చగలిగారు సరే, మా ఊళ్లో సర్వే నంబరు ఎవరు మారుస్తారు? పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్న నంబరు ఎక్సెల్‌కి నచ్చలేదని రైతు మార్చుకోలేడు కదా.

2023లో మైక్రోసాఫ్ట్ ఆప్షన్స్‌లో కొత్త సదుపాయం ఇచ్చింది. ముందున్న సున్నాలు తీసేయొద్దని, పొడవైన నంబర్లను 15 అంకెలకి కుదించవద్దని, మధ్యలో ఇ అక్షరం ఉన్న అంకెలను మార్చవద్దని, అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్నవాటిని తేదీ చేయవద్దని మనం చెప్పుకోవచ్చు. మంచి పని, ఇంకా ముందే చేయాల్సింది. కానీ అది ఆ కంప్యూటర్‌లో ఆ మనిషి వెతికి పెట్టుకోవాల్సిన సెట్టింగ్, ఫైలుతోపాటు ప్రయాణం చేయదు. పైగా తేదీల విషయంలో అది ఆపేది మార్చ్1 లాంటి, ఖాళీలూ గీతలూ లేని పేర్లనే. 3-6-12 మధ్యలో గీతలున్నాయి కాబట్టి ఇప్పటికీ తేదీయే అవుతుంది. మన డోర్ నంబర్లకి ఆ సదుపాయం అందలేదు.

చూపు ఒక్కటే మారినా చాలు

మా బావమరిది ఒక నిర్మాణ సైటులో కూలీల లెక్కలు చూస్తాడు. ఓవర్‌టైమ్ షీటు పైఆఫీసు పంపింది. ఒక కార్మికుడు మూడు రోజుల్లో 9, 9, 8 గంటలు అదనంగా పనిచేశాడు. మొత్తం 26 రావాలి. షీటులో 2:00 అని వచ్చింది. మామూలు టైమ్ ఫార్మాట్ గడియారం లాంటిది, 24 దాటగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఫార్మాట్‌లో గంటల కోడ్‌ని చదరపు బ్రాకెట్లలో, [h]:mm అని, పెడితే 26:00 అని చూపిస్తుంది. లోపల విలువ సరిగ్గానే ఉందని ఇక్కడా అనొచ్చు. కానీ ఆ షీటు ప్రింటు తీసి గోడకు అంటించారు. తన పేరు ఎదురుగా రెండు గంటలని చూసిన మనిషికి లోపలి విలువ గురించి ఎవరు చెప్తారు?

ఇంకా లోతుకి వెళ్తే, ఎక్సెల్‌కి ఒక రోజు అంటే 1. 26 గంటలు అంటే 1.0833. గంటకు 60 రూపాయల చొప్పున నేరుగా గుణిస్తే వచ్చేది 65 రూపాయలు. మధ్యలో 24తో గుణించి ఉంటే 1,560. ఆ షీటులో ఆ 24 లేదు. మా బావమరిది కంగారుపడి కాలిక్యులేటర్‌తో మళ్లీ కట్టాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే "సైటులో టైమ్ సరిగా ఎక్కించలేదు" అని అతని మీదే పడేది.

వడ్డీ రేటు దగ్గర కూడా ఇలాగే. కాలమ్ ముందే పర్సెంటేజ్‌లో ఉంటే 2 అని కొడితే 2 శాతం. ముందు 2 కొట్టి తర్వాత శాతం బటన్ నొక్కితే 200 శాతం. చేసిన పనులు రెండే, వరుస మారిందంతే. పొదుపు సంఘం లెక్కల్లో 200 శాతం వస్తే ఎవరికైనా కళ్లకు కనిపిస్తుంది. సెల్‌లో 0.5 శాతం ఉండి, శాతాన్ని దశాంశాలు లేకుండా పెట్టుకున్నచోట అది 1 శాతంగా కనిపిస్తే ఎవరు పట్టుకుంటారు?

సమర్పించే పత్రాల్లో దశాంశాల పేచీ మరీ ఎక్కువ. ఒక్కోటి 10.40 ఉన్న రెండు మొత్తాలను దశాంశాలు దాచి చూపిస్తే పదీ పదీ కలిపి ఇరవై ఒకటి అని కనిపిస్తుంది. జీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ పన్నుని దగ్గరి రూపాయికి సవరించమంటుంది: 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి, తక్కువైతే వదిలేయాలి. అది రౌండ్ ఫంక్షన్‌తో విలువలోనే చేయాలి, దశాంశాలు దాస్తే సరిపోదు. కనిపించినదాన్నే విలువగా తీసుకోమని చెప్పే ఆప్షన్ కూడా ఎక్సెల్‌లో ఉంది గానీ, అది పెడితే ఆ ఫైలు అంతటా దాగిన దశాంశాలు శాశ్వతంగా పోతాయి. నేను ఎవరికీ సలహా ఇవ్వను.

దాచడం కూడా ఫార్మాటింగే. 2008లో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు దాని అమెరికా వ్యాపారాన్ని బ్రిటన్ బ్యాంకు బార్‌క్లేస్ కొనుక్కుంది. ఏయే ఒప్పందాలు తీసుకుంటారో ఉన్న ఎక్సెల్ షీటు లాయర్లకి వెళ్లింది. వద్దనుకున్న ఒప్పందాల వరుసలను చెరపలేదు, దాచారు. కొత్తగా చేరిన ఒక జూనియర్ లాయర్ కోర్టు గడువు ముంచుకొస్తుండగా ఆ షీటుని సరిచేసి పీడీఎఫ్ చేస్తే దాగినవి బయటపడ్డాయి. వద్దనుకున్న 179 ఒప్పందాలు కోర్టుకిచ్చిన జాబితాలో చేరిపోయాయి. అందరూ ఆ జూనియర్ గురించే మాట్లాడారు. వద్దనుకున్నవాటిని దాచి పంపినవాళ్ల గురించి నేను మాట్లాడతాను.

నాతో వాదించినవాళ్లు

మా సీనియర్‌తో చాలాసేపు వాదన జరిగింది. ఆయన వాదనల్లో బలమున్నవి ఉన్నాయి. మొదటిది, అపాస్ట్రఫీ (' గుర్తు). సెల్‌లో ముందు ఆ గుర్తు పెట్టి కొడితే ఎక్సెల్ దాన్ని టెక్స్ట్‌గా తీసుకుంటుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ రోజుల నుంచీ ఉన్న అలవాటు ఇది. టైప్ చేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి కదా అంటారు. తెలుసుకుంటే మంచిదే. కానీ ఐదువందల వరుసల్లో ప్రతి వరుసకీ గుర్తు పెట్టుకుని చేయమనడం, ఒక్కచోట మరిస్తే తప్పు నీదే అనడం, ఒక్క క్లిక్‌తో కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ చేయగలిగిన మనిషి చెప్పాల్సిన మాట కాదు.

రెండోది, ఈ ఆటోమేటిక్ మార్పులు చాలామందికి మేలు చేస్తున్నాయి కదా అని. ఇది నేను ఒప్పుకుంటాను. దుకాణం లెక్క రాసుకునేవాళ్లు 5/6 అని కొట్టగానే తేదీ అయిపోవడం వాళ్లకి కావాల్సిందే. విలువ లోపల ఉంచి చూపు మాత్రం ఎన్ని రకాలుగానైనా మార్చుకోగలగడం స్ప్రెడ్‌షీట్‌లో నాకు చాలా ఇష్టమైన గుణం. దాన్ని తీసేయమని నేను అడగను.

మూడోది నన్ను నిజంగా ఆలోచింపజేసింది. "అయితే అన్నీ టెక్స్ట్ చేసి పంపుదామా?" అన్నారాయన. కుదరదు. టెక్స్ట్‌గా ఉన్న మొత్తాలను సమ్ ఫంక్షన్ లెక్కలోకి తీసుకోదు, తప్పు అని కూడా చెప్పదు, తక్కువ మొత్తం చూపిస్తుందంతే. వరుసలో పెడితే 9 కంటే ముందు 10 వస్తుంది. అంటే భయపడి అన్నిటికీ టెక్స్ట్ పెట్టడం కూడా నిర్ణయం తీసుకోకపోవడమే. ఒక్కో కాలమ్ దగ్గరా ఆగి, దీన్ని ఎవరైనా కూడతారా, ఇది పేరా, మొత్తమా, తేదీయా అని అడగాల్సిందే. ఆ ప్రశ్నకి జవాబు తెలిసేది షీటు ఎందుకో తెలిసినవాళ్లకి. టైప్ చేసేవాళ్లకి ఆ సంగతి చాలాసార్లు చెప్పను కూడా చెప్పరు.

లిబ్రాఆఫీస్ క్యాల్క్‌లో కంట్రోల్, ఎఫ్8 కలిపి నొక్కితే టెక్స్ట్ నలుపులో, సంఖ్యలు నీలంలో, ఫార్ములాలు ఆకుపచ్చలో కనిపిస్తాయి. తేదీగా మారిపోయిన డోర్ నంబర్లు నల్లటి వరుసల మధ్య నీలంగా బయటపడతాయి. ఎక్సెల్‌లోనూ ఇలాంటిది ఒక్క మీటతో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

టెక్స్ట్ పెట్టి పంపిన కాలమ్ కూడా పేస్ట్ దగ్గర ఓడిపోతుంది. వేరే ఫైలు నుంచి కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేస్తే ఆ ఫైలు ఫార్మాట్ కూడా వచ్చి మనం పెట్టినదాన్ని చెరిపేస్తుంది. తప్పుగా కొట్టినవాటిని ఆపే డేటా వాలిడేషన్ పెట్టినా పేస్ట్ దాన్ని దాటేస్తుంది. అందుకే ఇప్పుడు వచ్చిన ప్రతి జాబితాలో ఖాతా నంబరు పక్కన ఒక కాలమ్ పెట్టి, అది టెక్స్టేనా అని ఐఎస్‌టెక్స్ట్ ఫంక్షన్‌తో, ఎన్ని అంకెలో లెన్ ఫంక్షన్‌తో చూస్తున్నాం. ఫాల్స్ అని వచ్చిన వరుసకి పాసుపుస్తకం ఫొటో అడుగుతున్నాం. చివరి సున్నాని చూసి మాత్రం ఏదీ తేల్చడం లేదు, నిజంగానే సున్నాతో ముగిసే ఖాతాలు చాలా ఉంటాయి.